అలకపాన్పు ఎక్కిన నక్క

మడ అడవికీ సముద్రానికీ మధ్య ఒక ఇసుక దిబ్బ. దానికి కాపలా ఇద్దరు: నీటికుక్క గంగులు, పీత సత్తెమ్మ. గంగులుకి బలం ఎక్కువ, ఓపిక తక్కువ. సత్తెమ్మకి నడకే అడ్డం, బుద్ధి మాత్రం తిన్నన. ఇద్దరూ కలిసి చేసిన సాహసాలు బోలెడు. మొసలి నోట్లోంచి కొంగని లాగారు, తుఫానులో దారి తప్పిన ఉడతని ఒడ్డుకి చేర్చారు. కానీ మా ఇంటి పిల్లలు అన్నం కూడా మానేసి చెప్పించుకునేది మాత్రం ఈ నక్క సంగతే.

ఆ ఏడు సముద్రపు తాబేలు ఆదెమ్మ దిబ్బ నెత్తిన గుంట తీసి నూటపది గుడ్లు పెట్టింది. "అక్కా, నేను నీళ్లలో ఉండాల్సిందాన్ని. నా బిడ్డలు నీ చేతిలో ఉన్నారు" అని సత్తెమ్మకి అప్పగించి వెళ్లింది. ఇద్దరూ యాభై రోజులు కళ్లలో వత్తులు వేసుకుని కాశారు. యాభై ఒకటో రోజు పౌర్ణమి. మధ్యాహ్నం తిరిగాక ఇసుక లోపల టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. పొద్దు వాలేసరికి పిల్లలు బయటికొస్తాయి.

సరిగ్గా అప్పుడే దిగబడ్డాడు నక్క జగ్గప్ప. వాడిది ఎగువన మెరక మీది జీడితోట. సముద్రం మొహం చూడటం అదే మొదలు. మడ అడవికీ దిబ్బకీ మధ్య పారే పాయలో ఆటుకి నీళ్లు తీసేసిన వేళ కావడంతో బురద దాటుకుంటూ నడిచే వచ్చేశాడు.

"ఆహా, ఏం వాసన! గుడ్లు మీరే తీసిస్తారా, నన్ను తవ్వుకోమంటారా?" అన్నాడు.

గంగులు ఆలోచించకుండా మీదికి దూకాడు. జగ్గప్ప ఒక్క కాటుతో వాడి చెవి చించి పక్కకి విసిరేశాడు. నక్క పంజా ఇసుకలోకి దిగింది.

సత్తెమ్మ పాయ వైపు చూసింది. నీళ్లు అప్పుడే ఇటు తిరుగుతున్నాయి. పౌర్ణమి పోటు కదా, ఇంకో జాముకి దిబ్బ నడుము దాకా వచ్చేస్తుంది. ఆ జాముసేపు వీణ్ణి గుంట దగ్గరికి రాకుండా ఆపాలి.

"అయ్యో అల్లుడు గారూ! తమరు తవ్వుకోవడమేంటండీ!"

నక్క ఆగాడు. "అల్లుణ్ణా? ఎవరికి?"

"మా దిబ్బకండి. మొదటిసారి మా గుమ్మం తొక్కినోరు మాకు కొత్తల్లుడి లెక్కేనండి. తవ్వుకు తింటే దొంగంటారు, మేం పెడితే తింటే అల్లుడంటారు. ఇలాంటి గుంటలు ఇంకో మూడున్నాయండి. ఎక్కడో నాకొక్కదానికే తెలుసు. తమరు అలగాలి, మేం బతిమాలాలి. ఎంత గట్టిగా అలిగితే అంత కానుక."

"నా చెవిలో పువ్వు పెడుతున్నావా?"

"తమరి చెవిలో పువ్వు నిలుస్తుందాండీ!"

జగ్గప్ప మనసులో లెక్కేసుకున్నాడు. ఈ గుంట ఎక్కడికి పోతుంది, గుడ్లకేమన్నా కాళ్లున్నాయా? కాసేపు మూతి ముడుచుకుంటే ఇంకో మూడొస్తాయి. అయాచితంగా వచ్చే మర్యాద ఎవరికి చేదు?

దిబ్బ దిగువన, పాయ అంచున, విరిగిన పడవ చెక్క ఒకటి పడి ఉంది. "అదేనండి అలకపాన్పు" అంది సత్తెమ్మ. నక్క దర్జాగా ఎక్కి కూర్చున్నాడు.

"కళ్లు మూసుకోవాలండి. మా మొహాలు చూస్తే అలక తేలిపోద్ది."

వాడు కళ్లు మూసి ముక్కు పైకెత్తాడు.

గంగులు గొణిగాడు. "పిన్నీ, చెవి చించినోణ్ణి నేను బతిమాలాలా?"

"నోరు మూసుకుని బతిమాలరా. నూటపదిమంది బిడ్డలు!"

గంగులు పళ్లు నూరుతూ అన్నాడు. "బావగారూ, లెండి."

"ఊఁహూఁ."

"ఇంకో గుంట చూపిస్తాం, లెండి."

"ఆ పిలుపులో ప్రేమ లేదు. మళ్లీ పిలు."

"బంగారు బావగారూ!" అన్నాడు గంగులు. పాపం, ఆ మాట కన్నా చెవి నొప్పే నయమనిపించింది వాడికి.

చెక్క అంచు తడిసింది.

"కాళ్లకి చల్లగా తగులుతోందేంటి?" అన్నాడు నక్క.

"కాళ్లు కడుగుతున్నామండి. పళ్లెం లేదు, ఏమీ అనుకోకండి."

"కడగండి, కడగండి. వేళ్ల సందుల్లో కూడా."

ఇంకాసేపటికి చెక్క లేచింది.

"ఊగుతోందేం?"

"పల్లకీ ఎత్తారండి. ఊరేగింపు."

"బోయీలు బాగానే మోస్తున్నారు. మూడు గుంటలూ ఇస్తేనే దిగుతా!"

"దిగకండి బావగారూ, అస్సలు దిగకండి!" అన్నాడు గంగులు, మొదటిసారి మనస్ఫూర్తిగా.

ఆ గొంతులో ప్రేమ మరీ ఎక్కువైంది. నక్కకి అనుమానమొచ్చి కళ్లు తెరిచాడు. చుట్టూ నీళ్లు. దిబ్బ పది బారల దూరంలో ఉంది. జీడితోట నక్క, ఈత రాదు. నాలుగు కాళ్లూ చెక్కకి కరుచుకుపోయాయి.

"మోసం! దగా!"

"మర్యాదలో ఏమన్నా లోటు జరిగిందాండీ?" అంది సత్తెమ్మ.

పొద్దు వాలింది. దిబ్బ నెత్తిన ఇసుక కదిలింది. ఒక చిన్న తల, పక్కన ఇంకోటి, ఆపైన పుట్ట పగిలినట్టు అన్నీ ఒక్కసారిగా! బుల్లి తాబేళ్లు బిలబిలమంటూ దిబ్బ దిగి, దగ్గరికే వచ్చేసిన నీళ్లలోకి దూకాయి. గుడ్లకి కాళ్లొచ్చాయి మరి! జగ్గప్ప చెక్కకి అటూ ఇటూ వాడి విందంతా ఈదుకుంటూ పోయింది. ఒకడైతే చెక్కెక్కి, వాడి తోక మీదుగా నడిచి, అవతల దూకాడు. పంజా ఎత్తితే చెక్క తిరగబడుతుందని నక్క గుటకలు మింగుతూ చూశాడు.

గంగులు నీళ్లలోకి దిగి చెక్కని ముట్టెతో నెట్టాడు. "అల్లుణ్ణి సాగనంపుతున్నాం, జరగండోయ్!" అంటూ ఆనందంతో కేకలు పెడుతూ, పాయ దాటించి, మడ వేళ్ల మధ్య మెడలోతు బురదలో దింపి వచ్చాడు.

అలల మీద ఆదెమ్మ తల లేచింది. "అక్కా, ఎంతమంది?"

"నూటపదీ!" అని అరిచింది సత్తెమ్మ రెండు డెక్కలూ పైకెత్తి. అడవి మొత్తం ఆ అరుపందుకుంది.

అలిగేవాడు ముందు తన పీట నేల మీదుందో, నీళ్ల మీదుందో చూసుకోవాలి.