పంతులమ్మ కూర్చునే బండ

దగ్గరగా జరగండి నాన్నా, వెనకున్న వాళ్ళకీ వినపడాలి. అనగనగా, దేవుడు తీరిగ్గా కూర్చుని చేశాడా అనిపించే ఒక అడవిలో, కొండ మీద మూలికల బడి ఉండేది. అక్కడ ఏనుగు పంతులమ్మ వైద్యం నేర్పేది.

కొండ కింద లోయలో అలుగులు ఉండేవి. అలుగంటే తెలుసుగా? ఒంటినిండా పొలుసులు. భయమేస్తే బంతిలా ముడుచుకుపోతుంది. ఆ లోయలో జ్వరమొస్తే మందు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే అలుగులన్నీ కలిసి నూకాలు అనే పిల్లను బడికి పంపాయి. వాళ్ళ వంశంలో బడి గడప తొక్కిన మొదటి పిల్ల అదే.

"పెద్దవాళ్ళను విసిగించకమ్మా. ఆ దేవుడే నీకు తోడు," అని చెప్పి పంపింది వాళ్ళమ్మ.

మొదటి రోజే పంతులమ్మ అంది: "పొద్దు వాలాక నేను వాగు పక్కన బండ మీద ఉంటాను."

అంతే చెప్పింది. అదే తరగతిలో ఉన్న కొండముచ్చు శేషుకి ఆ మాట చాలు. వాళ్ళ నాన్నా, తాతా అక్కడే చదివారు. నూకాలు మాత్రం ఇంకోలా అనుకుంది. వాళ్ళ లోయలో పెద్దలు సాయంత్రం బండ మీద కూర్చున్నారంటే, అలసిపోయారని అర్థం. పిల్లలు అటు అడుగు పెట్టకూడదు.

వేర్ల పాఠం వచ్చింది. నూకాలుకు సగమే తెలిసింది. ముడుచుకుంది. ఆకుల పాఠం వచ్చింది. ఇంకా గట్టిగా ముడుచుకుంది. కషాయం కాచే పాఠంలో పంతులమ్మ ప్రశ్న అడిగితే, అందరి ముందూ బంతిలా అయిపోయింది.

"ఇదేం చదువుతుందిలే. దొర్లుకుంటూ ఇంటికి పోతుంది చూడండి," అన్నాడు శేషు. అందరూ నవ్వారు.

మర్నాడు సాయంత్రం నూకాలు నిజంగానే కొండ దిగుతోంది. దారిలో పై తరగతి చదివే ఏదుపంది అప్పలకొండ ఎదురైంది.

"ఎక్కడికే?"

"ఇంటికక్కా. నాకు చదువు రాదు."

"పంతులమ్మను అడిగావా?"

"ఎప్పుడు అడగను? పాఠంలో అడిగితే నవ్వుతారు. సాయంత్రమేమో ఆవిడ అలసిపోయి కూర్చుంటారు."

అప్పలకొండ నవ్వలేదు. "మా ఇంట్లోనూ నేనే మొదటిదాన్నమ్మా. ఏడాదంతా నేనూ అలాగే అనుకున్నాను. ఆవిడ అక్కడ కూర్చునేది మన కోసమే. శేషు రోజూ వెళ్ళేది ఎక్కడికనుకున్నావు?"

నూకాలు ముడుచుకోబోయింది.

"ముడుచుకుంటే నడవలేవు," అంది అప్పలకొండ. "నేను పక్కనే వస్తాను. అడగడం మాత్రం నువ్వే అడగాలి. నా ముళ్ళకు కాస్త ఎడంగా నడువు."

నూకాలు ఒకసారి కింద లోయకేసి చూసింది. మనసులో దేవుణ్ణి తలుచుకుంది. వెనక్కి తిరిగి కొండెక్కి, బండ దగ్గర నిలబడింది.

"అమ్మా, వేర్ల పాఠం నుంచీ నాకు సరిగ్గా తెలియలేదు."

పంతులమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు తల్లీ?"

"మీరు అలసిపోయి కూర్చున్నారనుకున్నానమ్మా. మా లోయలో అంతే."

ఏనుగు తొండంతో నూకాలు వీపు నిమిరింది.

"రానివాళ్ళకు నాతో పనిలేదనుకున్నాను," అంది. "పోయినేడు ఉడుము పిల్ల చదువు మానేసి వెళ్ళిపోయింది. అంతకుముందు ముంగిస. వాళ్ళూ ఇలాగే అనుకున్నారేమో. నేను పిలవాల్సింది."

ఆ రోజు నుంచి నూకాలు రోజూ బండ దగ్గరకు వెళ్ళింది. వానాకాలంలో లోయలో జ్వరాలు వస్తే, కషాయం కాచి పోసింది తనే.

కొత్త పిల్లలు చేరిన రోజున పంతులమ్మ అంది: "పొద్దు వాలాక మీ కోసమే బండ మీద కూర్చుంటాను. తెలియనిది అడగడానికి రండి."

అయినా సాయంత్రమయ్యాక ఒక పిల్ల కదల్లేదు. వెళ్ళిపోయిన ఉడుముకు చెల్లెలు. నూకాలు వెళ్ళి దాని పక్కన నిలబడింది.

"పద చెల్లీ, నేనూ అటే," అంది.

నీతి: తెలియనిది అడగడంలో సిగ్గు లేదు. దారి తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళ పక్కన నడిస్తే, అది దేవుడు మెచ్చే పని.