పొడుగు స్వరం ఎవరిది?

ఉత్తరం వచ్చింది ఇద్దరికి. రమ్మన్నది ఒక్కరిని. ఆ ఒక్కరు ఎవరో మాత్రం ఉత్తరంలో లేదు.

బొంబాయి రికార్డుల కంపెనీ నుంచి సోమవారం వచ్చిందది. టైపు కొట్టిన నాలుగైదు వరుసలు. "మీ 'నువ్వు దిగే స్టేషను' పాట విన్నాము. చివరి చరణంలో 'ఆగు' అనే మాట మీద పొడుగు స్వరం పట్టినవారు మీ ఇద్దరిలో ఎవరో, వారొక్కరే రావలసింది. మూడేళ్ళ ఒప్పందం. శనివారం లోగా జవాబు రాయగలరు."

డోరిన్ చదివి, "నన్ను రమ్మన్నారు," అంది.

వనజాక్షి చదివి, "నన్ను గదా," అంది.

ఒకరు అబద్ధం చెబుతుంటే ఇందులో కథే లేదు. ఇద్దరూ నిజం చెబుతున్నామనే అనుకున్నారు.

డోరిన్ మెయిలు బండి డ్రైవరు హెక్టర్ దొర కూతురు. వనజాక్షి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ చెంచయ్య కూతురు. మా రైల్వే కాలనీలో దొర బంగళా వెనక వీధిలోనే చెంచయ్య ఒంటిగది క్వార్టరు. డోరిన్ మేనమామ ఓడల్లో పనిచేస్తూ అమెరికా నల్లవాళ్ళు పాడిన సోల్ పాటల రికార్డులు తెచ్చేవాడు. అవి ఎట్లాంటి పాటలంటే, బండరాయిని ఎదురుగా కూర్చోబెట్టినా ముక్కు చీదుకుంటుంది. డోరిన్ గ్రామఫోను మీద పెడితే, వనజాక్షి గోడ అవతల అంట్లు తోముతూ అదే వరసకి తెలుగు మాటలు కట్టి పాడేది. మాటల కోసం డోరిన్ గోడ దూకింది. వరసల కోసం వనజాక్షి దూకింది. ఆ గోడ అరిగిపోయి చివరికి గడపంత మిగిలింది.

పదహారేళ్ళకే శనివారాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బులో పాడటం మొదలుపెట్టారు. డోరిన్‌కి ఎర్ర గౌను, వనజాక్షికి పచ్చ గౌను. కుట్టింది నేనే. సిగ్నలు దీపాల్లాగా ఉన్నారని ఎవరో అంటే, 'రెడ్ అండ్ గ్రీన్' అని పేరు స్థిరపడిపోయింది. తర్వాత మద్రాసులో మొదటి రికార్డు. రెండో రికార్డుకి బెంగుళూరు హోటళ్ళు పిలిచాయి. మూడో రికార్డు 'నువ్వు దిగే స్టేషను'. అది రేడియోలో వస్తుంటే ఊళ్ళో పాలు పొంగిపోని ఇల్లు లేదు. ఆ 'ఆగు' దగ్గర, సిగ్నలు లేకుండానే గూడ్సు బండి ఆగిపోయిందని గార్డు నాతో చెప్పాడు. చెప్పాడో, నేనే అతనికి చెప్పానో, ఇప్పుడు గుర్తులేదు.

ఆ స్వరం రికార్డులో ఇరవై రెండు సెకన్లు. నేను చెప్పేటప్పుడు నిమిషం ఉంటుంది.

అప్పట్లో ఇద్దరికీ ఒకటే మైకు. చెంపకి చెంప ఆనించి నిలబడేవాళ్ళు. ఆ స్వరం వచ్చేసరికి ఇద్దరి కళ్ళూ మూతపడేవి. చూసేవాళ్ళకి రెండు నోళ్ళు తెరిచి కనిపించేవి, వినేవాళ్ళకి ఒకటే గొంతు వినిపించేది. అందుకే కాలనీలో ఎవరిని అడిగినా తేల్చలేకపోయారు. దొర వైపు లోకో షెడ్డు వాళ్ళంతా డోరిన్ అన్నారు. చెంచయ్య వైపు ట్రాఫిక్ వాళ్ళంతా వనజాక్షి అన్నారు. మా ఆయన ఎటూ చెప్పకపోతే, ఆ వారమంతా రెండు వైపులవాళ్ళూ ఆయనకి టీ ఇప్పించారు.

గురువారం నాటికి ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఏడేళ్ళుగా ఒక దువ్వెన వాడుకున్నవాళ్ళు, నా కుట్టుమిషను దగ్గరికి వేరువేరు వేళల్లో రావడం మొదలుపెట్టారు.

"పెంచలక్కా, నువ్వు చెప్పు. నాది గదా," అంటుంది పొద్దున డోరిన్.

"పెంచలక్కా, నువ్వు విన్నావు గదా, నాదే," అంటుంది మధ్యాహ్నం వనజాక్షి.

"నాకు సంగీతం తెలీదు మే. చంక దగ్గర ఎవరికి బిగుతో అది అడగండి, చెబుతా," అన్నాను ఇద్దరికీ.

చివరికి శుక్రవారం నేనే చెరొక రెక్కా పట్టుకుని ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాను.

ఉస్తాద్ అంటే ఖాదర్ మొహియుద్దీన్ గారు. ముప్పై ఏళ్ళు ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా బొగ్గు వేసిన మనిషి. మూడు సముద్రాలను ఆవిరి చేసేంత బొగ్గు వేసి ఉంటాడు. రిటైరయ్యాక దర్గా పక్కన ఒక గదిలో హార్మోనియం పెట్టుకుని కూర్చున్నాడు. గురువారాలు దర్గాలో పాడేవాడు. మిగతా రోజులు మాట్లాడేవాడు కాదు. రోజుకు ఆరు మాటలు ఖర్చు చేస్తే ఏడోది రేపటికి దాచుకునే రకం.

ఈ పిల్లలిద్దరికీ పాట నేర్పింది ఆయనే. పాట అన్నాను గానీ, మొదటి ఏడాది పాటే లేదు. ఒకళ్ళ వీపు మీద ఒకళ్ళ అరచెయ్యి పెట్టించి, ఊపిరి పీల్చండి, వదలండి, అంతే. డోరిన్ వాళ్ళమ్మ ఒకసారి తొంగిచూసి, పిల్లలకేదో జబ్బు చేసిందని డాక్టరును పిలిచింది.

మేము వెళ్ళేసరికి ఉస్తాద్ హార్మోనియం తిత్తికి పట్టీ అంటిస్తున్నాడు. వనజాక్షి పాదాలకు దణ్ణం పెట్టింది. డోరిన్ ఉత్తరం చేతికిచ్చింది. ఆయన దాన్ని మూరెడు దూరం పెట్టి చదివాడు. ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాడు. నాకు నాలుగు సంక్రాంతులు గడిచినట్టయింది.

"బొంబాయాయన చెవి మంచిదే," అన్నాడు.

"ఉస్తాద్, మా గొంతులు మీకు తెలిసినట్టు మా అమ్మలకి కూడా తెలియవు," అంది వనజాక్షి. "అది ఎవరి స్వరమో మీరు చెప్పండి. మీరు ఎవరిదంటే వాళ్ళు పోతారు. రెండోవాళ్ళు నోరెత్తరు."

"ఒట్టు," అంది డోరిన్.

"నోరెత్తకపోతే రెండో ఆమె ఏం చేస్తుంది?" అని అడిగాడాయన.

ఈ సంగతి అంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

"నేనైతే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరతాను," అంది డోరిన్. "మాట్లాడే ఉద్యోగమే గదా."

"నేను ఫ్లాట్‌ఫారం మైకులో బండ్ల రాకపోకలు చదువుకుంటా," అంది వనజాక్షి. నవ్వించాలని అన్నది.

ఉస్తాద్ లేచాడు. కిటికీ రెక్కలు మూశాడు. ఫ్యాను ఆపాడు. గూట్లోంచి ఊదుబత్తి తీసి వెలిగించి, ఉప్పు పోసిన ప్రమిదలో నిలబెట్టి, గది మధ్య పీట మీద పెట్టాడు.

"ఎదురెదురుగా కూర్చోండి. ఇంకా దగ్గరికి. ఇంకా."

ఇద్దరి మొహాల మధ్య జానెడు ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలోంచి పొగ సన్నగా నిట్టనిలువుగా పైకి పోతోంది.

"పాట వద్దు. ఆ ఒక్క మాట చాలు," అన్నాడు ఉస్తాద్. "కళ్ళు మూయొద్దు. పొగని చూస్తా పాడండి."

"ముందు ఎవరు?" అంది వనజాక్షి.

"రికార్డులో ముందు ఎవరు?"

"ఇద్దరం ఒకేసారి."

"అయితే అట్నే."

ఆయన హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టాడు. నేను గుమ్మం పక్కన కూర్చున్నాను. నేను కదిలితే పొగ కదులుతుందని భయం. అప్పుడే నా కాలి మీదికి చీమ ఎక్కింది. ఏనుగంత చీమ. అది కుడుతున్నా కదల్లేదు.

ఇద్దరూ అందుకున్నారు.

స్వరం గదిలో నిలబడింది. పొగ అట్లాగే నిలువుగా ఉంది. పాడే నోళ్ళ ముందు పొగ చెదరదని నాకు అప్పుడే తెలిసింది. బాగా పాడేవాళ్ళు గాలిని అంత పొదుపుగా వదులుతారట.

కాసేపటికి పొగ డోరిన్ వైపు వంగింది. తీగలాగా వంగి, ఆమె పెదవుల దాకా పోయి, మళ్ళీ నిలువుగా లేచింది. స్వరం మాత్రం కదల్లేదు. దారపుపోగంత కూడా తగ్గలేదు.

వనజాక్షి కళ్ళు పెద్దవయ్యాయి.

ఇంకాసేపటికి పొగ వనజాక్షి వైపు వంగింది. ఈసారి డోరిన్ కనుబొమలు లేచాయి. స్వరం అట్లాగే ఉంది.

మళ్ళీ డోరిన్ వైపు. మళ్ళీ వనజాక్షి వైపు. మళ్ళీ డోరిన్ వైపు. ఒక్కసారి కూడా ఇద్దరి వైపూ ఒకేసారి పోలేదు. ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. నేను వాళ్ళ చేతులు కూడా చూశాను, మోసం ఏమైనా ఉందేమోనని. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

ఊదుబత్తి సగం కాలేదాకా పాడారంటాను నేను. ఉస్తాద్‌ని అడిగితే నిమిషం అని ఉండేవాడు. ఎంతైనా గానీ, ఇద్దరూ ఒకే క్షణంలో ఆపారు. అది కూడా ఎవరూ చెప్పలేదు.

ఉస్తాద్ మెట్టు మీంచి వేలు తీశాడు.

ముందు మాట్లాడింది వనజాక్షి. "డోరీ, నేను ఊపిరి పీల్చానా?"

"రెండుసార్లు."

"లేదే. నాది ఎక్కడా తెగలేదు. నాకు వినపడుతూనే ఉంది."

"నాదీ తెగలేదు వనూ. నాకూ వినపడుతూనే ఉంది."

"నువ్వు మూడుసార్లు పీల్చావు."

"నేనా?"

"నా కళ్ళతో చూశాను."

ఇద్దరూ ప్రమిద వంక చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ ఊపిరికి ఇప్పుడు పొగ ఎటుపడితే అటు ఊగుతోంది.

డోరిన్ వేలికి ఉన్న ఉంగరం తిప్పుకుంటూ, చాలా చిన్నగా, "మంగళవారం మా బాత్రూంలో ఒక్కదాన్నే పట్టి చూశాను," అంది. "సగంలో తెగిపోయింది. జలుబేమో అనుకున్నా."

వనజాక్షి ఆమె వంక చూసింది.

"నీకు సగం దాకా వచ్చిందా?" అంది. "నేను బుధవారం నీళ్ళ ట్యాంకు వెనకాల పట్టాను. మూడో వంతులోనే పోయింది. దుమ్మనుకున్నా."

"దుమ్మా?"

"నీకు జలుబెక్కడిదే, ఎండాకాలంలో?"

డోరిన్ మొదట నవ్వింది. తర్వాత వనజాక్షి. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. వారం రోజులదీ కలిపి ఏడ్చారు. ఆ కన్నీళ్ళతో ఇంజన్ ట్యాంకు నిండేది. నేను నా కొంగు చెరొక చివరా ఇచ్చాను. ఉస్తాద్ ఏమీ పట్టనట్టు తిత్తికి పట్టీ అంటించుకుంటున్నాడు.

ఏడుపు అయ్యాక వనజాక్షి మొహం తుడుచుకుని సర్దుకుని కూర్చుంది. అది మొదటినుంచీ అంతే, లెక్క తేలందే లేవదు.

"ఉస్తాద్, రేపటికల్లా జవాబు పోవాలి. ఇప్పుడు మేము ఎవర్ని పంపాలి?"

ఉస్తాద్ తలెత్తలేదు.

"వాళ్ళు రమ్మన్న మనిషి ఇప్పటిదాకా ఇక్కడే పాడింది గదా," అన్నాడు. "వస్తుందో రాదో ఆమెనే అడగండి."

ఆపైన ఆయన మాట్లాడలేదు. ఆ రోజు మాటలు అయిపోయాయి, బహుశా ఆ నెలవి కూడా. నేను కిటికీ తెరిచాను. వాళ్ళిద్దరూ లేచి ఆయనకి మొక్కి, చెప్పులు తొడుక్కుని, రైలు పట్టాల పక్కన దారి పట్టారు. దారిపొడుగునా ఒక్క మాటా లేదు. వెనకాల నడుస్తున్న నాకు మాత్రం కడుపు ఉబ్బిపోతోంది అడగాలని. అడగలేదు. నా జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్క మైలే.

నా ఇంటికే వచ్చారు. మిషను మీద గుడ్డలు పక్కకు తోసి కాగితం పెట్టుకున్నారు. వనజాక్షి తెలుగులో ఒక్కో మాటే చెప్పింది. డోరిన్ ఇంగ్లీషులో రాసింది. రాశాక నా కోసం మళ్ళీ తెలుగులో చదివి వినిపించింది.

"అయ్యా, మీ ఉత్తరం అందింది. మీరు రమ్మన్న ఆమె మా దగ్గరే ఉంది. అడిగాము. ఒంటరిగా ప్రయాణం చెయ్యనంటోంది."