నేల మీద పెట్టిన కొత్త బంతి

ఓబులేసుకు నడుము నొప్పి తిరగబెట్టి తొమ్మిది రోజులైంది. ఆ సంగతి వాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియనివ్వకూడదని వాడి పంతం.

వాడికి పద్దెనిమిదేళ్లు. గుంతకల్లు రైల్వే గ్రౌండులో గఫూర్ సార్ దగ్గర ఆరేళ్లుగా ఫాస్ట్ బౌలింగ్ నేర్చుకుంటున్నాడు. నిరుడు నడుము ఎముకలో సన్నటి పగులు వచ్చి ఏడు నెలలు బంతి ముట్టుకోలేదు. అప్పుడు బళ్లారిలో చూసిన డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి, "నొప్పి మళ్లీ వస్తే ఆ రోజే ఆపెయ్. ఆపకుండా వేశావంటే బంతి సంగతి అటుంచు, నీళ్ల బిందె ఎత్తడానికి కూడా పనికిరావు" అని గట్టిగా చెప్పాడు.

ఆదివారం రాష్ట్ర అండర్ నైంటీన్ జట్టుకు సెలక్షన్ మ్యాచ్. ఇద్దరు సెలక్టర్లు వస్తున్నారు. వచ్చే ఏడాదికి ఓబులేసుకు వయసు దాటిపోతుంది. కాబట్టి వాడికి ఉన్నది ఆ ఒక్క ఆదివారమే. దానికి ఇంకా రెండు రోజులుంది. నొప్పేమో రోజుకింత చొప్పున ఎడమ తొడలోకి దిగుతోంది.

గ్రౌండుకు పడమటి పక్క నడుమెత్తు గోడ ఒకటుంది. సాయంత్రం ఐదయ్యేసరికి దాని మీద పదిమంది చేరతారు. క్రికెట్ గురించి వాళ్లకు తెలియనిది లేదు, బంతి పట్టుకోవడం తప్ప. వాళ్లలో పెద్ద గొంతులు రెండు. ఒకటి గూడ్సు గార్డుగా రిటైరైన సుంకన్నది, రెండోది స్టేషన్ రోడ్డులో సెలూన్ నడిపే మద్దిలేటిది. ఏడాదిగా వాళ్లకు ఓబులేసు తప్ప వేరే మాటే లేదు.

"వెన్ను పగిలినోడు మళ్లా అంత జోరుగా వేసేది అయ్యే పని కాదప్పా" అంటాడు సుంకన్న. "వాని పరుగు చూడు. పోయినేటికీ ఇప్పటికీ రెండడుగులు తగ్గింది. నేను లెక్కబెట్టినా."

"నీ కండ్లద్దాలు మార్పించుకో ముందు" అంటాడు మద్దిలేటి. "మొన్న వాడేసిన బంతికి స్టంపు యాడికెగిరి పడిందో చూడలేదా? ఆ ఎత్తు, ఆ భుజం! రెండేండ్లలో వాన్ని మనం టీవీలో చూస్తాం."

"టీవీలో కాదు, ఆస్పత్రిలో చూస్తాం."

"నీ నోట ఒక్కనాడన్నా మంచి మాట రాదా సుంకన్నా?"

ఇద్దరికీ పిల్లాడంటే ప్రాణమే. పీకలోతు ప్రేమతోనే వాడి నడుమును రోజూ గోడ మీద పరిచి, చెరో పక్క లాగేవారు.

ప్రాక్టీసు అయ్యాక ఓబులేసు గోడ అవతల ఉన్న కొళాయి దగ్గర చేరేవాడు. బూట్లు కడుక్కుంటున్నట్టు కూర్చుని, చెవులు అటే పెట్టేవాడు. ఆఖరున మద్దిలేటి మాట వినబడితే ఆ పూట ఒక ముద్ద సంగటి ఎక్కువ తినేవాడు. సుంకన్న మాట వినబడితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. వాళ్లమ్మ ఏమైందిరా అంటే ఆకలి లేదనేవాడు. తన నడుము ఎలా ఉందో తెలుసుకోవడానికి గోడ మీది వాళ్ల దగ్గరికి వెళ్లే మనిషి లోకంలో వాడొక్కడే అయ్యుంటాడు.

గఫూర్ సార్ క్యాంపులో ఒక ఆనవాయితీ ఉంది. ఎంత పెద్ద ఆటగాడైనా గ్రౌండులో కాలుపెట్టే ముందు తెల్ల సున్నపు గీత దగ్గర వంగి, మట్టి తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకోవాలి. ముప్పై ఏళ్లుగా జరుగుతున్నదే. ఇప్పుడు ఓబులేసుకు వంగడం అనేదే కుదరడం లేదు. వంగితే నడుములో మేకు దిగినట్టు ఉంటోంది. అందుకని రెండు మోకాళ్లూ నేలకానించి కూర్చుని, వీపు నిటారుగా ఉంచి, మట్టి తాకి లేస్తున్నాడు.

అది చూసి మద్దిలేటి కళ్లు చెమర్చాయి. "చూడండప్పా! అందరూ వంగి మొక్కుతాంటే వీడు మోకాళ్ల మీద పడి మొక్కుతాండాడు. ఈ కాలంలో ఇంత వినయం యాడుంది?"

ఆ ఒక్క విషయంలో సుంకన్న కూడా అడ్డం చెప్పలేదు. "భక్తి ఉందిలే, దానికేం తక్కువలేదు" అని ఒప్పుకున్నాడు.

నాలుగు రోజులయ్యేసరికి క్యాంపులో చిన్నపిల్లలంతా మోకాళ్ల మీద పడి మొక్కడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి ఓబులేసుకు మొదట నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. గఫూర్ సార్ కూడా చూశాడు.

సార్ డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. శుక్రవారం సాయంత్రం సామాన్ల గది ముందు స్టూలు మీద కూర్చుని, పాత బంతికి ఊడిన కుట్టు వేస్తున్నాడు. ఓబులేసు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, ఒక మాట అడగాల."

"అడుగు."

"నేను పనికొస్తానా సార్?"

సార్ సూది ఆపలేదు. "ఎవరన్నా రావంటున్నారా?"

"సుంకన్న తాత రాడంటాడు. మద్దిలేటన్న వస్తాడంటాడు."

"ఇద్దర్లో ఎవరో ఒకరిది నిజమైతాదిలే. నన్నెందుకు అడుగుతావు?"

ఓబులేసు కదల్లేదు. సార్ దారం పంటితో కొరికి, తలెత్తి చూశాడు.

"నడుము ఎట్లుంది?"

చెప్పేయాలనిపించింది. మాట గొంతుదాకా వచ్చింది కూడా. అదే సమయానికి గోడ మీద నుంచి మద్దిలేటి గొంతు, "ఆదివారం చూద్దురు గానీ, మనోడు ఇరగదీస్తాడు!" అని ఇంత దూరం వినబడింది.

"బాగుంది సార్" అన్నాడు ఓబులేసు.

"నొప్పేం లేదా?"

"లేదు సార్."

"సరే" అని సార్ ఇంకో బంతి చేతిలోకి తీసుకున్నాడు.

ఆ 'సరే' ఓబులేసును రెండు రోజులు తినేసింది. సార్ తిట్టినా బాగుండేది. నమ్మినట్టా, నమ్మనట్టా? తెలిసి వదిలేశాడా, నిజంగానే తెలియదా? శనివారం ఉదయం నెట్స్‌లో నాలుగంటే నాలుగు బంతులు వేశాడు. నాలుగో దానికి ఎడమ కాలు తిమ్మిరెక్కి పాదం ఎక్కడ పడుతుందో తెలియలేదు. దాహం అని చెప్పి పక్కకు వచ్చేసి, బూటులోపల వేళ్లు ఆడుతున్నాయో లేదో చూసుకున్నాడు. ఆడుతున్నాయి. పది ఓవర్లు, అరవై బంతులు. అవి పడితే చాలు, ఆ తర్వాత విరిగితే విరగనీ అనుకున్నాడు. అలా అనుకున్నందుకు వాడికే ఒళ్లు చల్లబడింది.

ఆదివారం తొమ్మిదికల్లా గోడ మీద చోటు లేదు. మద్దిలేటి సెలూన్ మూసేసి వచ్చాడు. సుంకన్న కండ్లద్దాలు తుడుచుకుని మరీ కూర్చున్నాడు. చిన్న షామియానా కింద ఇద్దరు సెలక్టర్లు కాగితాలు ముందు పెట్టుకున్నారు. ఓబులేసు జట్టు మొదట బౌలింగ్ చేయాలి. వాడు బనీను కింద గట్టిగా బెల్టు బిగించి, రెండు నొప్పి బిళ్లలు మింగి వచ్చాడు. గీత దగ్గర మోకాళ్ల మీద మొక్కాడు. గోడ చప్పట్లు కొట్టింది.

మొదటి ఓవరు వేసేవాడి చేతిలో కొత్త బంతి పెట్టి, వీపు తట్టి పంపడం గఫూర్ సార్ అలవాటు. అంపైర్లు ఊరి మర్యాద కదా అని బంతి ఆయనకే ఇచ్చారు. సార్ దాన్ని పట్టుకుని, ఓబులేసు పరుగు మొదలుపెట్టే గుర్తు దాకా నడిచి వచ్చాడు. ఓబులేసు రెండు చేతులూ చాపాడు.

సార్ బంతిని వాడి చేతిలో పెట్టలేదు. వాడి కాళ్ల ముందు నేల మీద పెట్టాడు.

"తీసుకో" అన్నాడు.

ఎర్రగా మెరుస్తున్న బంతి, బూటుకు జానెడు దూరంలో ఉంది. ఓబులేసు మెల్లిగా మోకాళ్ల మీదికి దిగి, దాన్ని తీసుకుని లేచాడు.

గోడ మీద ఈలలు. "బంతికి కూడా మొక్కుతాండాడప్పా!" అని మద్దిలేటి పక్కవాడి తొడ మీద చరిచాడు.

సార్ చెయ్యి చాపాడు. ఓబులేసు బంతి ఇచ్చాడు. సార్ దాన్ని తన ప్యాంటుకు రెండుసార్లు రుద్ది, మళ్లీ అక్కడే పెట్టాడు.

"తీసుకో."

బ్యాట్స్‌మన్ బ్యాటు నేలకానించి ఎదురుచూస్తున్నాడు. అంపైరు వాచీ చూశాడు. షామియానా కింద ఒకాయన మెడ చాచి ఇటు చూస్తున్నాడు. "సారుకేమైందిరా ఈ పొద్దు?" అన్నాడు సుంకన్న గోడ మీద. ఓబులేసు మళ్లీ మోకాళ్ల మీదికి దిగబోయి, సార్ ముఖం చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు. వెటకారం లేదు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు మీద చెయ్యి వేసే మనిషి చూపు అది.

వాడి కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి.

"ఎన్ని దినాలైంది?" అని సార్ వాడికి మాత్రమే వినబడేలా అడిగాడు.

"పదకొండు, సార్."

"కాల్లోకి దిగిందా?"

"దిగింది సార్."

సార్ తల ఊపాడు. షామియానా వైపు చూశాడు. "పో, వాళ్లకు చెప్పు."

"మీరు చెప్పండి సార్."

"నడుము నాది కాదు."

"చెప్తే తీసుకోరు సార్."

"తీసుకోరు" అన్నాడు సార్.

ఓబులేసు నేల మీది బంతి వైపు ఒకసారి చూశాడు. తర్వాత నడవడం మొదలుపెట్టాడు. గ్రౌండు మధ్య నుంచి షామియానా దాకా అంత దూరం వాడెప్పుడూ నడవలేదు. వాణ్ని సెలక్టర్లు పిలిచారనుకుని గోడ మీద మళ్లీ చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోనే నడిచాడు.

"సార్, నాకు నడుము నొప్పిగా ఉంది. కాల్లోకి దిగింది. ఈ పొద్దు వేయలేను" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

పెద్ద సెలక్టరు కాగితంలో వాడి పేరు వెతికి, పుట్టినరోజు చూశాడు. "వచ్చే ఏడాదికి నీ వయసు దాటిపోతుంది బాబూ. తెలుసు కదా?"

"తెలుసు సార్."

ఆయన కలం మూత తీశాడు. తర్వాత పేరు మీద గీత గీసి, "రేపే స్కాన్ తీయించుకో" అన్నాడు.

ఓబులేసు తిరిగి వచ్చేసరికి సంగతి గోడ దాకా పాకింది. సార్ ఇంకో పిల్లాడి చేతిలో కొత్త బంతి పెట్టి, వీపు తట్టి పంపేశాడు. ఆట మొదలైంది. ఎవరూ ఆట చూడటం లేదు.

"నేను చెప్పల్యా? నేను చెప్పల్యా?" అంటున్నాడు సుంకన్న. గెలిచిన ముఖం కాదది, ఏడ్చే ముఖంలా ఉంది. "పోయినేడే చెప్పినా, ఇనిందెవరు?"

"నోటికాడికొచ్చిన కూడును కాలదన్నుకున్యాడు" అని మద్దిలేటి తల కొట్టుకున్నాడు. "రెండు ఓవర్లు వేసి చెప్పుంటే ఏం పోయె? వాళ్లు చూసేవాళ్లు గదా! అప్పుడైనా..."

ఓబులేసు గీత బయట, గోడకు దగ్గరగానే, సార్ పక్కన నిలబడ్డాడు. మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. కంట్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. బనీను కింద చెయ్యి పెట్టి బెల్టు విప్పేశాడు. పదకొండు రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి తీసుకున్నాడు.

సుంకన్న ఇక ఆగలేకపోయాడు. గోడ దిగి వచ్చేశాడు.

"సారూ, ఏడాదిగా మేమే గొంతులు చించుకుంటాండాం. మీరు ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడన్నా చెప్పండి. ఈ పిల్లోడు పనికొస్తాడా, రాడా?"

గోడ మీద అందరూ సార్ వైపు తిరిగారు. ఓబులేసు మాత్రం నేల వైపు చూశాడు.

గఫూర్ సార్ ఆట మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు.

"పొద్దున దాకా నాకూ అనుమానమే ఉండె సుంకన్నా. ఇప్పుడు లేదు. వస్తాడు."