పిండిమర దగ్గర

జోగారావు మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరని కాలేజీలో అందరికీ తెలుసు. భౌతికశాస్త్రంలో సందేహమైతే సుద్దముక్క అందుకుంటారు. బతుకు గురించి అడిగితే మాత్రం చెప్పులు తొడుక్కుంటారు. అడిగినవాళ్లు ఆయన వెంట నడవాల్సిందే.

ఆ ఆదివారం ఉదయం సత్యవేణి ఆయన ఇంటి అరుగు మీద తల వంచుకుని కూర్చుంది. బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది. తల్లి జీడిపిక్కలు కొట్టే పనికి పోయి చదివిస్తోంది. పిక్కల్లోంచి కారే జీడి రసం అంటుకుని తల్లి వేళ్లు నల్లగా కమిలిపోయాయి. చదువు మానేసి తనూ ఆ పనికే పోదామని సత్యవేణి దాదాపుగా నిశ్చయించుకుంది.

"తరంగాలు, కంపనాలు అంటూ రోజూ ఏదో ఒకటి నేర్చుకుంటున్నాను మాస్టారూ. వాటివల్ల మా వీధిలో ఎవరికి ఏం ఒరిగింది? అసలు కాలేజీ చదువు ఎందుకు?"

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు. గోధుమల డబ్బా చేతిలోకి తీసుకుని, "పిండి పట్టించాలి, పదమ్మా," అన్నారు.

పిండిమర నడిపేది పైడమ్మ. భర్త పోయాక ఆ పని తనే చూసుకుంటోంది. మర హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. మరకు ఆనించిన చెక్కబల్ల మీద ఆమె నాలుగేళ్ల కూతురు చిన్నమ్మలు కూర్చుని, రెండు అరచేతులూ బల్లకు అదిమిపెట్టి నవ్వుకుంటోంది. ఇంతలో కరెంటు పోయి మర ఆగింది. పిల్ల నవ్వూ ఆగింది. అరచేతులు ఎత్తి చూసుకుంది, మళ్లీ బల్లకు ఆనించింది, కాసేపు ఎదురుచూసి దిగి రోడ్డు మీదికి నడిచింది.

"అటు ఎల్లకే!" పైడమ్మ కేకేసింది. పిల్ల తిరగలేదు. వెనక నుంచి ఆటో హారన్ మోగింది. అప్పుడూ తిరగలేదు. పైడమ్మ పరుగున పోయి పిల్లను లాక్కొచ్చి వీపు మీద ఒక్కటి వేసింది.

"ఎంత సెప్పినా ఇనదండి మాస్టారూ. మాటలు రాకపోతే పోనీ, సెప్పింది ఇనొద్దా? ఒట్టి మొండిఘటం."

సత్యవేణి కళ్లముందు ఆ రెండు అరచేతులే కదలాడుతున్నాయి. మాస్టారు ఏమైనా అంటారేమోనని ఆయన వైపు చూసింది.

"నన్నెందుకమ్మా చూస్తావు?" అన్నారాయన మెల్లగా. "గమనించింది నువ్వు. చెప్పాల్సిందీ నువ్వే."

సత్యవేణి పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి వెనక్కి వెళ్లింది. రెండు డబ్బా మూతలు తీసుకుని గాలిలో టంగుమని కొట్టింది. పైడమ్మ ఉలిక్కిపడింది. పిల్ల కదల్లేదు. తర్వాత బల్ల చివర వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది. చిన్నమ్మలు చటుక్కున తిరిగి నవ్వింది.

"పిన్నీ, పాప మొండిది కాదు. పాపకి వినబడటం లేదు. మర ఆడుతుంటే బల్ల అదురుతుంది కదా, ఆ అదురు చేతులకి తెలిసి నవ్వుతోంది."

పైడమ్మ తన చేతివంక చూసుకుంది. "అయితే... ఇన్నాళ్లూ నేనెందుకు కొడతన్నానో కూడా దానికి తెలీదా అమ్మా?"

సత్యవేణి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. పైడమ్మ పిల్లను ఒళ్లోకి తీసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నమ్మలు తల్లి గొంతు మీద అరచెయ్యి పెట్టి ఆ ఏడుపును వింతగా తడిమి చూసింది.

మర్నాడు సత్యవేణి ఆ ఇద్దరినీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. వినికిడి కొద్దిగానే మిగిలి ఉందనీ, చెవికి మిషను పెడితే కొన్ని శబ్దాలు అందవచ్చనీ, ఇలాంటి పిల్లలకు నేర్పే బడిలో వేయాలనీ డాక్టరు చెప్పాడు. పూర్తిగా నయమవుతుందని మాత్రం చెప్పలేదు. తిరిగొచ్చాక పైడమ్మ కేక వేయలేదు. వంగి బల్ల మీద మెత్తగా తట్టింది. బల్ల అవతలి చివర కూర్చున్న చిన్నమ్మలు దిగి, గంతులేస్తూ వచ్చి ఒళ్లో వాలింది. కాసేపటికి, పనేమీ లేకపోయినా, పైడమ్మ మళ్లీ తట్టింది.

మంగళవారం క్లాసు అయిపోయాక సత్యవేణి మాస్టారి దగ్గరికి వెళ్లింది. మానేసే మాట ఎత్తలేదు.

"నిన్న ధ్వని పాఠం మొదలుపెట్టారట మాస్టారూ. ఆసుపత్రికి వెళ్లడంతో నాకు పాఠం పోయింది."

మాస్టారు బోర్డు తుడుస్తూనే అన్నారు: "నీకు పోలేదమ్మా. నిన్న పాఠం ఆసుపత్రిలో బాగానే జరిగింది. మేమే రాలేకపోయాం."