భావన్న కుళ్ళు

అనగనగా ఒక మగ్గాల ఊరు. ఎప్పటి మాట అంటారా? ఇంటికో మగ్గం, మగ్గానికో మనిషి, మనిషికో కుళ్ళు ఉన్న కాలం నాటి మాట. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి. కుళ్ళు తగ్గలేదు. నన్ను కాసేపు కనిపెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ ఊళ్ళో భావన్న అనే నేతగాడు ఉండేవాడు. పేరున్నవాడు కాదు, ఆస్తున్నవాడు కాదు, నలుగురూ పిలిచి కూర్చోబెట్టుకునే మాటకారీ కాదు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని గళ్ళ తువ్వాళ్ళు నేసుకునేవాడు. పక్కిల్లు మార్కండుది. భావన్న భార్య భద్రమ్మకు అతను స్వయానా అన్న. అతనూ గళ్ళ తువ్వాళ్ళే నేసేవాడు.

మార్కండు తువ్వాలు చూసి ఊరంతా "గీత గీసినట్టుంది" అనేది. భావన్న తువ్వాలు చూసి "బాగుంది" అనేది. నేతలో భావన్నకు ఏమీ తక్కువ లేదు, నిజం చెప్పుకోవాలి. కానీ ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడాలోనే పాపం అతని బతుకంతా గడిచింది.

బావ తువ్వాలు మీద కుళ్ళు. బావ నెత్తి మీద నెరవని జుట్టు మీద కుళ్ళు. చివరికి బావ జబ్బు మీద కూడా కుళ్ళు. ఇద్దరికీ షుగరు వచ్చింది. వైద్యుడు చూసి మార్కండుకి కాస్త తక్కువగా ఉందన్నాడు. ఆ పూట భావన్న అన్నం ముట్టలేదు.

"జబ్బులో కూడా మీ అన్నే మేలంట," అని భద్రమ్మ మీద విసుక్కున్నాడు.

రోజూ పొద్దున్నే మార్కండు తువ్వాళ్ళు తెచ్చి దండెం మీద వేసేవాడు. భావన్న పోయి వాటి ముందు నిలబడేవాడు. గీతలో వంకర కనిపెట్టాలంటే ఒక కన్ను మూసుకుని చూడాలి. ఆ ఊరి నేతగాళ్ళందరికీ అదే అలవాటు. భావన్న ఎప్పుడూ కుడికన్ను మూసి ఎడమకంటితో చూసేవాడు.

ఒక రోజు చూశాడు. తప్పు లేదు. కడుపు మండింది, ఇంటికి పోయాడు.

ఇంకో రోజు చూశాడు. తప్పు లేదు. కడుపు ఇంకా మండింది, ఇంటికి పోయాడు.

మూడో రోజు ఎడమకంట్లో నూలు నూగు పడింది. నీళ్ళు కారి కన్ను తెరవలేకపోయాడు. అలాగని తప్పులు వెతకడం మానతాడా? ఎడమకంటికి చెయ్యి అడ్డం పెట్టి కుడికంటితో చూశాడు. తువ్వాలు నడిమధ్యన గీతలు వంకర తిరిగి ఉన్నాయి. ఒకటి కాదు, రెండు కాదు, మధ్యలో ఉన్నవన్నీ.

భావన్నకు పండగయింది. వీధిలోకి వచ్చి అందరినీ కేకేశాడు.

"రండయ్యా, రండి. గీత గీసినట్టు నేసే మొనగాడి నేత చూద్దురుగాని."

కులపెద్ద వచ్చి చూశాడు. "తిన్నగానే ఉంది గదయ్యా," అన్నాడు.

"నీకు మొహమాటం," అన్నాడు భావన్న.

మగ్గానికి పడుగు దారాలు సాగదీసే సుబ్బులు వచ్చి చూసింది. "తిన్నగానే ఉంది గదా మావా," అంది.

"నీకు అభిమానం," అన్నాడు భావన్న.

భద్రమ్మ వచ్చి చూసింది. "తిన్నగానే ఉంది," అంది.

"నీకు పుట్టిల్లు," అన్నాడు భావన్న.

ఎవరూ ఒప్పుకోకపోయేసరికి పంతం వచ్చింది. తిన్నగా ఉండటమంటే ఏందో చూపిస్తానని ఇంట్లోకి పోయి, తన మగ్గం మీద నేసిన తువ్వాలు తెచ్చి పక్కన వేశాడు. మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తన గీతలు కూడా వంకర తిరిగి ఉన్నాయి.

"ఇది నాది కాదు. ఎవరో మార్చారు," అన్నాడు మెల్లగా.

ఆ తువ్వాలుకు నూలు కండెలు చుట్టి ఇచ్చింది భద్రమ్మే. ఆమె తువ్వాలును చూడలేదు, మొగుడి చేతిని చూసింది. ఆ చేతిని తీసి, తన అరచేత్తో అతని కుడికన్ను మూసింది.

"ఇప్పుడు చూడు."

నీళ్ళు కారుతున్న కంటితోనే చూశాడు. తిన్నగా ఉంది. ఆమె చెయ్యి మార్చి ఎడమకన్ను మూసింది. వంకరగా ఉంది. మూడుసార్లు మార్చింది. మూడుసార్లూ అంతే.

"వంకర నేతలో లేదు. నీ కంట్లో ఉంది," అంది భద్రమ్మ. కళ్ళు పోతే నేతగాడు ఏం చేసుకుని బతుకుతాడు?

మార్కండు దగ్గరికొచ్చాడు. "పట్నంలో కళ్ళ డాక్టరమ్మ ఉందంట బావా. షుగరున్నోళ్ళకి కంటి లోపల చెడుద్దంట. నేను బండి కడతా, పోయి చూపిచ్చుకో."

మాట మంచిదే. చెప్పింది మార్కండు, అదీ చిక్కు. భావన్న ఒకరోజు కదల్లేదు. రెండు రోజులు కదల్లేదు. మూడో రోజు భద్రమ్మ పొయ్యి వెలిగించకుండా గుమ్మంలో కూర్చుంది.

అప్పుడు భావన్న మనసులో మాట బయటపెట్టాడు. "నేనొక్కడినే పోవాలా? ఆయన ఇక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, నేను పోయి నా కళ్ళు చెడ్డాయని అనిపిచ్చుకుని రావాలా? ఆయనకి మాత్రం షుగరు లేదా? ఆయనొస్తే నేనొస్తా."

"నా చూపుకేం బావా, సూదిలో దారం ఇప్పుడెక్కియ్యమన్నా ఎక్కిస్తా," అన్నాడు మార్కండు.

"ఆ సంగతి డాక్టరమ్మని చెప్పమను."

"ఆయన కుళ్ళు కోసమన్నా రా అన్నయ్యా. నువ్వు రాకపోతే ఈ మనిషి కదలడు," అంది భద్రమ్మ.

చెల్లెలి మాట తీసెయ్యలేక మార్కండు బండెక్కాడు.

పట్నంలో డాక్టరమ్మ ఇద్దరి కళ్ళలోనూ చుక్కలు వేసి కూర్చోబెట్టింది. వెలుతురు చూడలేక ఇద్దరూ చేతులు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత లైటు పెట్టి భావన్న కళ్ళలోకి చూసింది. కంటి వెనక పొర మీద సన్నటి నెత్తురు నరాలు ఉంటాయనీ, షుగరుకి అవి చెడి కారుతున్నాయనీ చెప్పింది.

"కుడికంట్లో పొర నడిమధ్యనే వాచింది. వైద్యం చేస్తాను, కానీ పోయిన చూపంతా తిరిగొస్తుందని చెప్పలేను. ఎడమకంట్లో ఇప్పుడే మొదలైంది. దాన్ని నిలబెట్టుకుందాం."

భావన్న తల వంచుకున్నాడు. బావ ముందు ఆ మాట వినాల్సొచ్చిందే అని కుమిలిపోయాడు.

తర్వాత మార్కండు నవ్వుతూ కూర్చున్నాడు. డాక్టరమ్మ ఒక కన్ను చూసింది. రెండో కన్ను చూసింది. మళ్ళీ మొదటి కన్ను చూసింది.

"నీకు రెండు కళ్ళలోనూ మొదలైంది," అంది.

"నాకు బాగానే కనపడుతుంది గదమ్మా."

"ఈ జబ్బు అంతే. చాలా దూరం వచ్చేదాకా తెలియనివ్వదు. అందుకే బాగా కనపడుతున్నప్పుడే రావాలి. ఇంకా ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను."

ఇన్నేళ్ళకు భావన్న కుళ్ళు తీరింది. తీరిన మరుక్షణం అతనికి భయం పట్టుకుంది. బావ మగ్గం ఆగిపోతే పొద్దున్నే ఎవరి గీతలు చూడాలి? ఎవరిని చూసి కుళ్ళుకోవాలి? డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని, "ముందు మా బావకి చెయ్యండమ్మా," అన్నాడు. మార్కండు నవ్వడం మానేసి అతని వైపు చూశాడు.

కారే చోట్లను వెలుగుతో కాల్చి మూశారు. ఇద్దరూ మూడుసార్లు పట్నం వెళ్ళారు. షుగరు అదుపులో పెట్టుకున్నారు. భావన్న కుడికన్ను మసగ్గానే మిగిలింది, ఎడమది నిలబడింది. మార్కండుకి రెండూ నిలబడ్డాయి.

భావన్న మారిపోయాడనుకుంటున్నారా? మారలేదు. "నేను లాక్కుపోతే గదా ఆయనకి రెండు కళ్ళు, నాకేమో ఒకటిన్నర," అని చచ్చేదాకా కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. అలా ఏడుస్తూనే ఏడాదికోసారి బావను బండెక్కించేవాడు. ఒక ఏడు కులపెద్దకు షుగరని తెలిసింది. "ఆయన మాత్రం హాయిగా ఇంట్లో కూర్చోవాలా?" అని ఆయన్నీ ఎక్కించాడు. ఇంకో ఏడు సుబ్బుల్ని ఎక్కించాడు. ఊళ్ళో షుగరున్నవాళ్ళలో అతను కుళ్ళుకోని మనిషి లేడు, అతని బండెక్కని మనిషీ లేడు.

భావన్న పోయిన రోజున ముసలి మార్కండు అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. "నా కళ్ళ మీద పడి ఏడ్చినోడు ఆయనొక్కడే. నా కళ్ళు కాపాడినోడూ ఆయనే," అన్నాడు. మర్నాడు పొద్దున్న తువ్వాలు దండెం మీద వేసి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తప్పు వెతకడానికి ఎవరూ రాలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో షుగరున్నవాళ్ళు కంటి పరీక్షకు ఒంటరిగా పోరు. ఏడాదికోసారి ఇంకొకరిని వెంట లాక్కుని మరీ పోతారు. ఆ ఇంకొకరు "నా చూపుకేం, బాగానే ఉంది" అని మొండికేస్తే వీళ్ళు వాదించరు. చెయ్యి పట్టుకుని లేపుతారు.

"బాగుంటే భావన్న ఓర్చుకోడు, పద," అంటారు.