చోటు చూసుకున్న కుందేలు

"ఒక మనిషిని నమ్మే ముందు ఎన్ని విధాల పరీక్షించాలి, స్వామీ?" అని గోవర్ధనం అడిగిన రోజున పరాంకుశాచార్యులవారు జవాబు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. ప్రశ్న అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించి తాను పంచాంగం తిరగేస్తూ కూర్చునేవారు. ఆ పని పూర్తయ్యేలోపు చాలామంది అడిగిన సంగతే మరిచిపోయేవారు.

గోవర్ధనం మరిచిపోయే రకం కాదు. పాతికేళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పి, ప్రతి వేసవిలోనూ పరీక్ష హాళ్ళలో కాపలా కాసినవాడు. చొక్కా మడతలో చీటీ ఉందో లేదో కుర్రవాడి మెడ చూసి చెప్పగలనని అతని ధీమా. ఉద్యోగం అయిపోయాక, భార్య కాలం చేశాక, కొండ దిగువనున్న ఆచార్యులవారి చిన్న ఆశ్రమానికి వచ్చి, గీతాపాఠం వింటూ అక్కడే ఉండిపోయాడు. మనసు కాస్త కుదుటపడుతోంది అనుకుంటున్న వేళ శేషగిరి వచ్చాడు.

శేషగిరి దొంగతనం కేసులో శిక్ష అనుభవించి, జైలు నుంచి నేరుగా వచ్చిన మనిషి. "చేశానండీ. చేయలేదని చెప్పను," అని వచ్చిన రోజే అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆచార్యులవారు అతన్ని ఎగాదిగా చూడనైనా చూడలేదు. "స్నానం చేసి రా, అన్నం తిందాం," అన్నారు. అంతే. విచారణ లేదు, షరతు లేదు. గోవర్ధనం ప్రశ్న పుట్టింది అక్కడే.

ఆ ప్రశ్నకు ఆచార్యులవారు అప్పగించిన పని ఒక కుందేలు. పాఠానికి వచ్చే ఒకావిడ ఊరు మారుతూ, తీసుకుపోలేక ఇచ్చి వెళ్ళిన బూడిదరంగు కుందేలు. బయట వదిలితే కుక్కల పాలవుతుంది కనుక ఇంట్లోనే తిరుగుతోంది. ఎక్కడ పడితే అక్కడ పెంటికలు వేస్తోంది. వ్యాసపీఠం కింద, వంటింటి గడప మీద, పాఠానికి పరిచే చాపల మీద.

"దీనికి ఒక చోటు నేర్పు. తర్వాత నీ ప్రశ్న చూద్దాం," అన్నారు ఆచార్యులవారు.

ఇదెంత పని అనుకున్నాడు గోవర్ధనం. పాత ప్లాస్టిక్ టబ్బు ఒకటి తెచ్చి, అడుగున దినపత్రికలు పరిచి, పెరటి గుమ్మం పక్కన పెట్టాడు. కడగడానికి తనకు వీలుగా ఉంటుందని ఆ చోటు ఎంచుకున్నాడు. చీపురు పట్టుకుని కుందేలు వెనకే తిరిగాడు. అది తోక ఎత్తిందంటే చాలు, పరుగున పోయి పట్టుకొచ్చి టబ్బులో పడేసేవాడు. అది ఒక్క గెంతులో బయటపడి, మంచం కిందికి దూరి, వెనక కాళ్ళతో నేలను దబదబా కొట్టేది. తడిపిన చోటల్లా ఫినాయిల్‌తో కడిగాడు. ఆ వాసనకు అది కొత్త చోటు వెతుక్కుంది. నాలుగు మూలలే పాడయ్యేది కాస్తా ఇల్లంతా పాడైంది. ఆఖరికి ఒకనాడు గోవర్ధనం పక్కబట్టల మధ్యలోనే చేసి పెట్టింది.

ఇంతమంది పక్కలుండగా తన పక్క మీదే ఎందుకు చేయాలి? అనుమానం అటే మళ్ళింది. శేషగిరి గదిలో ఒక్క పెంటిక కూడా కనబడదు. ఎప్పుడు చూసినా తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. వీడే దాన్ని నా పక్క మీదికి తోలుతున్నాడా?

ఆ రోజు నుంచి గోవర్ధనానికి కాపలా రెండింతలయింది. కుందేలు మీద ఒక కన్ను, శేషగిరి మీద ఒక కన్ను. అతను నీళ్ళు తోడుతుంటే కిటికీలోంచి చూశాడు. దేవుడి గది ఊడుస్తుంటే గుమ్మంలో నిలబడ్డాడు. పంక్తిలో కూర్చుంటే అతని విస్తరి వంకే చూశాడు. శేషగిరి తలెత్తి చూస్తే చూపు మరల్చుకునేవాడు. ఒకరోజు శేషగిరి ఏటికి బట్టలు ఉతకడానికి వెళ్ళినప్పుడు, గోవర్ధనం అతని గదిలోకి పోయి సంచీ విప్పాడు. ఒక పాత చొక్కా, సబ్బుముక్క, దువ్వెన. మరేమీ లేవు. ఏమీ లేకపోవడమే మరింత అనుమానంగా తోచింది. ఇంత తక్కువ సామానుతో ఎవడైనా బతుకుతాడా? మిగతాది ఎక్కడ దాచాడు?

దానికి తగ్గట్టే శేషగిరి తీరు మారింది. మాట తగ్గింది. అడుగుల చప్పుడు తగ్గింది. ఎదురుపడితే గోడవారగా తప్పుకునేవాడు. "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను," అని పంక్తికి రావడం మానేశాడు. మధ్యాహ్నాలు కండువా కింద ఏదో దాచుకుని పెరటి దారిన కొండవైపు పోవడం గోవర్ధనం కంటపడింది. ఇంకేం కావాలి? అయినా ఆచార్యులవారితో చెప్పలేదు. పరీక్ష హాలు మనిషి కదా, చీటీ చేతికి చిక్కకుండా కేసు రాయడు.

ఇంతలో గోవర్ధనానికే జ్వరం తగులుకుంది. కాళ్ళు తేలిపోయి లేవలేకపోయాడు. ముందు గదిలో మంచం మీద పడి ఉండిపోయాడు. శేషగిరి జావ తెచ్చి, స్టూలు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. అందులో ఏం కలిపాడోనని గోవర్ధనం మొదటిపూట వాసన చూశాడు. రెండోపూట ఆకలి ఆ పరీక్ష మాన్పించింది.

చీపురు మూలన పడింది. ఇంట్లో తరిమేవాళ్ళు లేరు. జ్వరంలో రెప్పలు సగం మూసి పడుకున్న గోవర్ధనం, ఒక పగటిపూట కుందేలు మంచం కింది నుంచి మెల్లగా బయటికి రావడం చూశాడు. అది ఆగింది. చెవులు నిలబెట్టి అతని వైపు చూసింది. అతను కదల్లేదు. కదిలే ఓపిక లేదు. అది నింపాదిగా నడిచి, పుస్తకాల బీరువాకీ గోడకీ మధ్యనున్న సందులో దూరి, వీపు గోడకు ఆనించి కూర్చుంది. కాసేపటికి పెంటికలు వేసి బయటికొచ్చి మూతి తుడుచుకుంది. సాయంత్రం మళ్ళీ అక్కడికే పోయింది. మర్నాడూ అక్కడికే.

పథ్యం తిని లేచిన రోజున గోవర్ధనం పెరటి గుమ్మం దగ్గరి టబ్బు తీసి ఆ సందులో పెట్టాడు. కూర్చున్నంతసేపూ అది ఏదో కొరుకుతూ ఉంటుందని గమనించాడు కనుక, ఒక పక్కన ఎండుగడ్డి వేశాడు. అది వేసిన పెంటికలే కొన్ని అందులో ఉంచాడు. కుందేలు వచ్చింది, వాసన చూసింది, ఎక్కి కూర్చుని గడ్డి నమలసాగింది. గోవర్ధనం దాన్ని చూడకుండా అటు తిరిగి నిలుచున్నాడు.

"నేర్చుకుందా?" అని అడిగారు ఆచార్యులవారు.

అవునని చెప్పబోయి ఆగాడు గోవర్ధనం. "నేర్పలేదు స్వామీ. చోటు అదే చూసుకుంది. నేను టబ్బు జరిపాను."

ఆచార్యులవారు తల పంకించి పంచాంగంలో పేజీ తిప్పారు.

అక్కడితో గోవర్ధనం మనసు తేలికపడాల్సింది. పడలేదు. ఆ మధ్యాహ్నమే శేషగిరి మళ్ళీ కండువా కప్పిన చేతులతో పెరటి దారి పట్టాడు. గోవర్ధనం కాళ్ళలో ఇంకా నీరసం తీరలేదు. అయినా గోడ పట్టుకుని వెంట వెళ్ళాడు. బావి దాటాక, కొండరాళ్ళ చాటున, ఊరికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు శేషగిరి. చప్పుడు విని ఉలిక్కిపడి లేచాడు. చేతిలో ఉన్నది కండువాతో కప్పేశాడు.

"ఏమిటది? తియ్యి," అన్నాడు గోవర్ధనం, పాతికేళ్ళు పరీక్ష హాళ్ళలో వాడిన గొంతుతో.

శేషగిరి కండువా తీశాడు. కంచంలో అన్నం, ఆనపకాయ పులుసు, ఓ పక్కన ఆవకాయ ముక్క. సగం తిన్న కంచం.

"ఇక్కడ తింటున్నావేం?"

"మీ ఎదురుగా ముద్ద దిగడం లేదండీ, మేష్టారూ." అతను కంచంలోకి చూస్తూ చెప్పాడు. "ఏం పెట్టుకుంటున్నానో, ఎంత పెట్టుకుంటున్నానో మీరు చూస్తుంటారు. మిమ్మల్ని అనడం లేదండీ. నేను చేసొచ్చిన పని అలాంటిది. కానీ జైల్లో కూడా మేం తినేటప్పుడు వార్డరు అటు తిరిగి నిలబడేవాడండీ."

గోవర్ధనానికి క్షమించమనాలని ఉంది. తాను వెళ్ళిపోతే శేషగిరి తింటాడు. కానీ వెళ్ళిపోవడం చాలదనిపించింది. ఎదురుగా ఉన్న రాతి మీద, వీపు శేషగిరి వైపు పెట్టి కూర్చున్నాడు.

"తిను. చూడను," అన్నాడు.

చాలాసేపు వెనక ఏ చప్పుడూ లేదు. మెడ వెనక సూదులతో గుచ్చుతున్నట్టు ఉంది. లేచిపోయాడా? తన వీపు వంక చూస్తూ నిలుచున్నాడా? ఒక్కసారి తిరిగి చూస్తే తెలిసిపోతుంది. వెనక ఏం జరుగుతోందో చూడకుండా కూర్చోవడం గోవర్ధనం ఎరుగని పని. మోకాళ్ళు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. చివరికి కంచం మీద చెయ్యి తగిలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నమిలే చప్పుడు.

ఆ సాయంత్రం పాఠం అయ్యాక, అందరూ వెళ్ళేదాకా ఆగి, గోవర్ధనం ఆచార్యులవారి ముందు కూర్చున్నాడు. కొండరాళ్ళ దగ్గర జరిగింది చెప్పాడు. సంచీ విప్పిన సంగతి కూడా దాచలేదు.

"నేను చేసింది తప్పే, స్వామీ. రేపటి నుంచి అతన్ని పంక్తిలోకి పిలుస్తాను. కానీ మీ దగ్గర అబద్ధం ఆడలేను. ఇన్ని చూసినా, ఇప్పటికీ అతని మీద నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు," అన్నాడు.

ఆచార్యులవారు కళ్ళజోడు తీసి ఉత్తరీయం అంచుతో తుడుచుకున్నారు.

"అతనికి నీ మీద కుదిరిందేమో అడిగావా?" అన్నారు.