గడువు చెప్పని నక్క

మా గుట్ట మీద సీతాఫలం పొదల వెనక ఒక బొరియ ఉండేది. తవ్వింది బుచ్చమ్మ అనే అలుగు. ఒంటినిండా పెంకులు, పొడుగు మూతి, చీమలు తప్ప మరొకటి ముట్టదు. ఎవరైనా గట్టిగా దగ్గితే చాలు, ఉండలా చుట్టుకుపోతుంది. ఇంత మెత్తటిది ఇల్లు కట్టుకుంటే అందులోకి నక్క దూరక ఏం చేస్తుంది చెప్పండి.

ఆ నక్క పేరు గంగులు. జోరువానలో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, కాస్త తలదాచుకుంటాను."

"మరి ఎప్పుడు వెళ్తావన్నా?"

"ఎప్పటికైనా వెళ్ళేవాడినే కదమ్మా. మాట ఇస్తున్నాను."

బుచ్చమ్మ పక్కకి జరిగింది. గంగులు కాళ్ళు చాపుకున్నాడు. తెల్లారేసరికి ఇంటామె బయట, చుట్టం లోపల. వాన వెలిసింది, చలి వచ్చింది, చలీ పోయింది. గంగులు మాత్రం పోలేదు.

ఈలోగా బుచ్చమ్మకి నెలలు నిండాయి. ఆరుబయట ప్రసవిస్తే పిల్ల గద్దపాలవుతుంది. ఆ కడుపుతో రాతినేలలో మరో బొరియ తవ్వడం అయ్యే పని కాదు. దాంతో భయం భయంగానే వెళ్ళి భద్రయ్యకి మొరపెట్టుకుంది.

భద్రయ్య అడవిదున్న. గుట్ట మీద తగవులన్నీ ఆయనే తీరుస్తాడు. మహా ఓపికమంతుడు. ఓపికమంతులంటే నాకూ గౌరవమే, కానీ నా ఇంటికి నిప్పంటుకున్నప్పుడు మాత్రం వాళ్ళు దగ్గర లేకపోతేనే మంచిది. ఆయన పక్కన ఎప్పుడూ ఒక తొండ ఉంటుంది. ఎవరేమన్నా తల ఊపడం దాని ఉద్యోగం.

మా గుట్ట మీద ఒక కట్టుబాటుంది. మాట ఇచ్చి చోటు తీసుకున్నవాణ్ణి, మాట తప్పాడని తేలేదాకా కదపకూడదు. గంగులు ధీమా అంతా అదే. పంచాయితీకి రమ్మంటే బయటికి కూడా రాలేదు, బొరియలోంచి తలకాయ ఒక్కటే బయటపెట్టాడు.

"గంగులూ, వెళ్తానని వెళ్ళలేదట. మాట తప్పావా?" అన్నాడు భద్రయ్య.

"ఎక్కడ తప్పాను పెద్దయ్యా? 'ఎన్నటికీ వెళ్ళను' అన్నవాడైతే, కాలు బయటపెట్టిన రోజే దొరికిపోతాడు. నేనన్నది 'ఎప్పటికైనా వెళ్తాను' అని. ఇవాళ వెళ్ళలేదు, నిజమే. రేపుంది. రేపు కాకపోతే ఎల్లుండి ఉంది. ఆ తర్వాత రోజులు అయిపోతాయా?"

భద్రయ్య నెమరు వేశాడు. "అయిపోవు."

"మరి నేను తప్పానని ఏ రోజున అంటారు?"

తొండ తల ఊపింది.

"ఏ రోజునా అనలేం," అని భద్రయ్య ఒప్పుకున్నాడు. "అయితే వేచి చూద్దాం."

"ఎన్నాళ్ళు పెద్దయ్యా?" అంది బుచ్చమ్మ.

"తేలేదాకా."

"తేలకపోతే?"

"తేలలేదంటే ఇంకా చూడాలన్నమాట," అని ఆయన అక్కడే హాయిగా చతికిలబడ్డాడు.

బుచ్చమ్మకి ఒళ్ళు మండిపోయింది. మామూలుగా అయితే ఉండ చుట్టుకునేదే, చుట్టుకోబోయింది కూడా. పొట్ట అడ్డొచ్చింది. ఇక దిక్కులేక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిలబడి మాట్లాడింది.

"నాదే తొందరలే అన్నా. నువ్వు మాట మీద నిలబడేవాడివి. ఎప్పుడో మంచిరోజు చూసుకుని బయల్దేరతావు. ఇంతకీ ఆ రోజు ఎలా చూసుకుంటావు?"

పొగిడితే గంగులుకి ఒళ్ళు తెలీదు. "పొద్దున్నే ఇలా తల బయటపెడతానమ్మా. వాన పడుతుంటే ఉండిపోతాను. తడుస్తూ ఎవడు పోతాడు?"

"వాన లేదనుకో. ఎండ కాస్తోంది."

"ఎండలో తిరిగితే ఈ బొచ్చు నిగనిగ ఏం కాను? ఉండిపోతాను."

"ఎండా లేదు, వానా లేదు. మబ్బు పట్టింది."

"మబ్బుని నమ్మి ఇల్లు వదిలేది వెర్రివాడు. ఉండిపోతాను."

"చలికాలం మంచు కూడా పడుతుంది," అని భద్రయ్య గుర్తుచేశాడు.

"మంచులో దారేం కనిపిస్తుంది పెద్దయ్యా? ఉండిపోతాను."

"ఎప్పటికన్నా విసుగొచ్చి ఈ పద్ధతి మార్చుకుంటావేమో," అంది బుచ్చమ్మ, చాలా అమాయకంగా.

"నేనా? మా వంశంలోనే పద్ధతి మార్చుకున్నవాడు లేడు. ఇదీ నా మాటే. పెద్దయ్యే సాక్షి."

బుచ్చమ్మ భద్రయ్య వైపు తిరిగింది. "విన్నారుగా. ఈ గుట్ట మీద ఇవి కాక ఇంకో రకం రోజుందా?"

"నా ఎరుకలో లేదు."

"మరి దేనికోసం చూడ్డం? రోజులు లెక్కలేనన్ని ఉంటే ఉండనీండి, వాటిలో రకాలు గుప్పెడే. ఏ రకం వచ్చినా ఉంటానన్నాడు. ఇవాళ లోపల ఉన్నాడు, కాబట్టి రేపు ఏది వచ్చినా ఉంటాడు. రేపున్నవాడు ఎల్లుండీ ఉంటాడు. ఇక ఈయన వెళ్ళే రోజు ఎక్కడుంది?"

భద్రయ్య నెమరు ఆగిపోయింది. అది ఆగడం అంతకుముందు గుట్ట మీద ఎవరూ చూడలేదు.

"ఆగండాగండి," అన్నాడు గంగులు. "పద్ధతి మార్చుకోకూడదా ఏం?"

"మార్చుకుంటే ఇప్పుడిచ్చిన మాట తప్పినట్టు. మార్చుకోకపోతే అప్పుడిచ్చిన మాట తప్పినట్టు. ఏది తప్పావో నువ్వే చెప్పన్నా."

తొండ తల కిందికీ మీదికీ ఊపింది, పక్కలకీ ఊపింది, మెడ పట్టేసి ఊరుకుంది.

భద్రయ్య లేచి బొరియలోకి కొమ్ము పెట్టాడు. గంగులు వెనక దారి లేక కొమ్ము పక్కనుంచే బయటికి దూకాడు. ఆ సందులో బుచ్చమ్మ లోపలికి దూరిపోయింది.

గంగులు దుమ్ము దులుపుకున్నాడు. సిగ్గేమైనా పడ్డాడా అంటే లేదు.

"పెద్దయ్యా, చిన్న అనుమానం. ఎప్పటికైనా వెళ్తానన్నాను. ఇదిగో, బయటికొచ్చాను. అంటే నా మాట నిజమైంది. నిజం పలికినవాణ్ణి గెంటేశారు కదా మీరు."

భద్రయ్య మళ్ళీ నెమరు మొదలెట్టాడు. "అవును సుమా. అయితే నిన్ను లోపలికి పంపాలేమో."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. బొరియ నోటికి లోపలినుంచి మట్టి ఎగదోసి గట్టిగా మూసేసి ఉంది.

"బుచ్చమ్మా," అని పిలిచాడు భద్రయ్య, "తీర్పులో చిన్న తేడా వచ్చింది. కాస్త తలుపు తీస్తావా?"

"ఇది పురిటిల్లు పెద్దయ్యా. మగాళ్ళు రాకూడదు," అంది లోపలినుంచి ఆయాసపడుతూ. కాసేపటికి మట్టి వెనకనుంచి సన్నగా ఒక కూత వినిపించింది. గంగులు చెవులు వేలాడేసుకుని గుట్ట దిగిపోయాడు.

నీతి: వెళ్తానంటూనే కదలనివాడి కోసం రోజులు చూస్తూ కూర్చోకండి, ఎలాంటి రోజున వెళ్తాడో ఇవాళే అడిగేయండి.